రేకుకు నిష్ఠ, కొయ్యకు స్వేచ్ఛ

పాత క్యాంపర్ వ్యాన్ ఒకటి కొని ఇంటి పక్క షెడ్డులో నిలబెట్టుకున్న మనిషిని ముందుగా పలకరించేది తుప్పు కాదు, సలహా. ఆ సలహాలిచ్చేవాళ్లలో రెండు తెగలున్నాయి. మొదటి తెగవాళ్లు బండి ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండాలంటారు. రంగు ఆ ఏటిదే కావాలి, కర్టెన్ గళ్లు ఆ కొలతవే కావాలి, పొయ్యి మీద మూత కూడా ఆ కంపెనీదే కావాలి. రెండో తెగవాళ్లు బండి నీది, డబ్బు నీది, ఎవడేమంటే నీకేం, నచ్చినట్టు కోసెయ్, అతికెయ్, రంగులు పుయ్ అంటారు. ఒకరంటే ఒకరికి పడని ఈ ఇద్దరూ ఒక్క సంగతిలో మాత్రం ఏకమవుతారు. ఇద్దరి చూపూ కంటికి కనిపించేదాని మీదే. నేను చెప్పదలచుకున్నది వేరు. ఇలాంటి బండి విషయంలో రాజీలేని నిష్ఠ కావలసింది కంటికి ఆనని చోట: రంగు కింది రేకులో, నేల కింది దూలాల్లో, పెట్రోలు పారే గొట్టంలో, బ్రేకులో. పైకి కనిపించే చెక్క సామాను, పరుపులు, కర్టెన్లు, దీపాల దగ్గర యజమాని తన ఇష్టప్రకారం నడుచుకోవచ్చు, నడుచుకోవాలి కూడా. లోకంలో ఎక్కువగా జరిగేది దీనికి తలకిందులు కాబట్టే ఇంత వాదన.

ముందు వంశం సంగతి. క్యాంపర్ వ్యాన్ అనగానే చాలామంది మనసులో మెదిలే గుండ్రటి ముఖపు బండి ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2. దాని పుట్టుకే ఒక సవరణ. యుద్ధం ముగిశాక వుల్ఫ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో విడిభాగాలు ఒక మూల నుంచి ఇంకో మూలకు చేరవెయ్యడానికి బీటిల్ కారు అడుగుభాగం మీద బల్ల పరిచి ఒక మోటు బండి తయారు చేసుకున్నారు. డచ్ వ్యాపారి బెన్ పోన్ దాన్ని చూశాడు. 1947 ఏప్రిల్ 23న తన నోటు పుస్తకంలో ఒక డబ్బా బండి బొమ్మ గీశాడు. ముందు డ్రైవరు, వెనక ఇంజను, మధ్యలో సరుకు. 1949 నవంబరులో దాన్ని పత్రికలవాళ్లకు చూపించారు, 1950 మార్చిలో తయారీ మొదలైంది. ఇంజను 1,131 సీసీ, బలం 25 హార్స్‌పవర్. అందులో పడక లేదు, పొయ్యి లేదు, నీళ్ల తొట్టి లేదు. సరుకు మొయ్యడానికి పుట్టిన బండి అది. దాంట్లోకి ఇంటిని ఎక్కించింది వేరేవాళ్లు. జర్మనీలోనే వీడెన్‌బ్రూక్ ఊళ్లో బళ్లు కట్టే పాత సంస్థ వెస్ట్‌ఫాలియా 1951లో ‘క్యాంపింగ్ బాక్స్’ అని ఒకటి తెచ్చింది. బీరువా, మడత మంచం, వంట సరంజామా కలిసిన పెట్టె అది. దాని గొప్పతనమల్లా ఊడదీయడానికి వీలుగా ఉండటమే. పనిదినాల్లో బండి సరుకు మోసేది, సెలవు రోజున పెట్టె లోపలికి చేరేది. బ్రిటన్‌లో సిడ్‌మత్ ఊరి వడ్రంగం పనివాళ్లు ‘డెవన్’ పేరుతో, ఫోక్‌స్టోన్‌లో మార్టిన్ వాల్టర్ సంస్థ ‘డార్మొబైల్’ పేరుతో, ఎవరికి తోచిన తీరున వాళ్లు ఇదే డబ్బాకు లోపలి ఇల్లు కట్టారు. డార్మొబైల్ వాళ్లయితే ఏకంగా పైకప్పు కోసి, చారల గుడ్డతో ఒక పక్కకు లేచే టాపు పెట్టారు. ఇవాళ ఆ టాపు ఉన్న బండి కనిపిస్తే ‘ముట్టుకోకండి, ఒరిజినల్’ అంటారు. ఆ రోజున అది మాత్రం కొత్త బండికి రంపం పెట్టడమే.

అంటే మొదటి తెగవాళ్లు కాపాడమంటున్న ‘అసలు రూపం’ సరుకుల బండి మీద ఇంకొకరు చేసిన మార్పు. ఆ మార్పులకైనా ఒక తీరూ తెన్నూ ఉందా అంటే అదీ లేదు. అమెరికా కోళ్లను పడమటి జర్మనీ, ఫ్రాన్సు దేశాలు పన్నులేసి అడ్డుకున్నాయన్న కోపంతో అమెరికా ప్రభుత్వం 1964 నుంచి దిగుమతయ్యే చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. దాంతో ఫోక్స్‌వ్యాగన్ పికప్పులు, కిటికీల్లేని సరుకు వ్యాన్లు అక్కడ దాదాపు అమ్ముడుపోవడం మానేశాయి. కిటికీలు, సీట్లు ఉన్నవి మాత్రం సాగాయి. ఏ బండికి కిటికీ ఉండాలో, దేనికి ఉండకూడదో అని కోళ్లు నిర్ణయించిన కాలం అది. మన రోడ్ల మీద ఒకప్పుడు పెళ్లివారినీ కూరగాయల గంపలనూ మోసిన మెటాడోర్‌కు కూడా ఈ వంశంతో దూరపు చుట్టరికముంది. హాంబర్గ్‌లోని టెంపో కంపెనీ 1949లో తెచ్చిన మెటాడోర్ ఫోక్స్‌వ్యాగన్ ఇంజనుతోనే నడిచింది. సొంత వ్యాను బజారులోకి వచ్చాక ఫోక్స్‌వ్యాగన్ ఆ ఇంజన్లు ఇవ్వడం ఆపేసింది, టెంపో వేరే ఇంజను వెతుక్కుంది. ఆ కంపెనీతో పొత్తు పెట్టుకున్న బజాజ్ టెంపో, అంటే ఇప్పటి ఫోర్స్ మోటర్స్, ఆ పేరును మన ఊళ్లకు తెచ్చింది. ఆ రోజుల్లో మనవాళ్లు మెటాడోర్‌కు క్యారియరు బిగించుకున్నప్పుడూ, లోపలి సీట్లు పీకి సరుకు నింపుకున్నప్పుడూ చరిత్ర చెడిపోతోందని ఎవరూ బెంగపడలేదు. బండిని వాడుకోవడమంటేనే మార్చుకోవడం. 1979 వరకూ ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, లాహోర్ల మీదుగా ఢిల్లీకి, అక్కడి నుంచి గోవాకో కాట్మండూకో వచ్చిన హిప్పీల వ్యాన్లు రెండు ఒకేలా ఉండేవా? దారిలో ఏది విరిగితే దానికి దొరికిన దాన్ని బిగించుకుంటూ వచ్చాయి.

ఇక రేకు. ఇక్కడ నాకు మొదటి తెగవాళ్లకన్నా ఎక్కువ చాదస్తం ఉంది. లారీకి ఉన్నట్టు ఈ బండికి విడిగా ఊడదీయగల ఛాసిస్ ఉండదు. నేల, పక్క గోడలు, అడ్డదూలాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే పెట్టె. బరువు మోసేది కూడా ఆ రేకే. దానికి నీళ్లు పట్టే తావులు అందరికీ తెలిసినవే. పైకప్పు చుట్టూ వాన నీరు జారే గాడి ఉంటుంది. అక్కడ రంగు పగిలితే నీరు అతుకులోకి దిగుతుంది. ముందు అద్దం చుట్టూ రబ్బరు ముసలిదైతే నీరు లోపలి వైపు నుంచి డ్రైవరు కాళ్ల కింద చేరుతుంది. చక్రాలు చిమ్మిన బురద పై వంపుల్లో కూర్చుంటుంది. బ్యాటరీ యాసిడ్ ఆవిరి దాని కింది పళ్లేన్ని తినేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం తలుపుల కింద పొడుగునా ఉండే గడప భాగానిది. అక్కడ రేకు ఒక పొర కాదు. బయటిదొకటి, లోపలిదొకటి, బలానికి మధ్యలో ఇంకొకటి. మధ్యకు దిగిన నీటికి ఎండ తగలదు. బయటి పొర మీద బుడగ కనిపించేసరికి లోపలి పొర ఏనాడో పొడిగా రాలిపోయి ఉంటుంది. జాకీ పెట్టే చోటు కూడా దీనికి ఆనుకునే ఉంటుంది కాబట్టి, ఆ గడప సంగతి చక్రం మార్చాల్సి వచ్చినప్పుడు బయటపడటం మామూలు.

ఇలాంటి చోట లప్పం పెట్టి సానబట్టి, మీద ఖరీదైన రంగు కొట్టడం పుచ్చిన పన్నుకు బంగారు తొడుగు వేయించుకోవడమే. ఆ రంగు 1960ల నాటి జాబితాలో ఉన్న అసలు నీలమే కావచ్చు, రంగు నంబరు సరిగ్గా సరిపోవచ్చు. అయినా ఆ బండి అబద్ధమాడుతోంది. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని గడప పొడుగునా జరిపితే ఎక్కడ అంటుకోలేదో అక్కడ ఇనుము లేదని తెలిసిపోతుంది. తుప్పు మీదే తారు పూయడం ఇంకో దుర్మార్గం. అది నీటిని లోపలే బంధిస్తుంది. సరైన పని మెల్లగా సాగుతుంది, పైకి కనపడదు. గట్టి రేకు తగిలేదాకా కోసెయ్యాలి. గడప కొయ్యడానికి ముందే తలుపుల సందుల్లో అడ్డకమ్మీలు వెల్డు చేసి బిగించాలి. లేకపోతే నడుము విరిగినట్టు బాడీ కిందికి కుంగుతుంది, ఆ తర్వాత ఆ తలుపులు జన్మలో సరిగ్గా పడవు. పాత రేకు ఎంత మందమో అంతే మందం, దాని మడత ఎలా ఉందో అదే మడత. వెల్డింగు అయ్యాక అతుకుల్లో సీలెంటు, లోపలి గుల్లల్లోకి మైనం స్ప్రే. ఈ పనంతా పూర్తయ్యాక బండిని చూసి మెచ్చుకునేవాడు ఉండడు, ఎందుకంటే చూడటానికేమీ ఉండదు. వారాలకొద్దీ చేసిన పని మీద నల్లరంగు కొట్టి మూసెయ్యడమే. కర్టెన్లు మార్చిన రోజున మాత్రం వీధివీధంతా వచ్చి చూస్తుంది.

ఇంజను దగ్గరా ఇదే కథ. ఈ బళ్ల పాత ఇంజన్లకు రేడియేటరు లేదు, గాలే చల్లబరచాలి. పంకా విసిరిన గాలి సిలిండర్ల మీదికి సరిగ్గా పోవడానికి ఇంజను చుట్టూ రేకు తొడుగులుంటాయి, ఇంజను గదికీ ఇంజనుకూ మధ్య సందు మూయడానికి రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ లేకపోతే కింద సైలెన్సరు వైపు కాగిన గాలినే పంకా మళ్లీ పీలుస్తుంది. చూపుకు అందంగా ఉండదని తొడుగులు తీసి పారేసినవాళ్లున్నారు, వాటి స్థానంలో సరిగ్గా అమరని క్రోమియం తొడుగులు మెరిపించినవాళ్లున్నారు. దాని ఫలితం ఎక్కువగా అనుభవించేది మూడో సిలిండరు. 1970 దాకా వచ్చిన ఇంజన్లలో ఆయిల్ కూలర్ దానికి వచ్చే గాలికి అడ్డంగా ఉండేది కాబట్టి దాని వాల్వులు ముందే ఆయాసపడుతుంటాయి. ఇక పెట్రోలు గొట్టం. ట్యాంకు ఇంజనుకు ఆనుకుని ఉంటుంది. మధ్యలో నడిచే రబ్బరు గొట్టం ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారుతుంది. ఎథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు పాత రబ్బరును మరీ త్వరగా కొరుకుతుంది. ఆ ఇంజను పెట్టె మెగ్నీషియం కలిసిన లోహం. ఒకసారి అది అంటుకుందంటే నీళ్లు పోసి ఆర్పేది కాదు, నీళ్లు పోస్తే ఇంకా రేగుతుంది. కొద్దిపాటి డబ్బుకు దొరికే గొట్టం మార్చకుండా, అసలు సిసలు హబ్‌క్యాపుల కోసం దేశాలన్నీ గాలించేవాళ్లను చూస్తే నాకు కోపం కన్నా జాలే ఎక్కువ వేస్తుంది.

కొయ్య సంగతికొద్దాం. 1960లలో వెస్ట్‌ఫాలియా అమర్చిన బల్ల, బీరువా, మంచం ఆనాటి జర్మన్ కుటుంబం పొడుగు, పిల్లల సంఖ్య, సెలవుల తీరు, తిండి అలవాట్లు చూసుకుని కట్టినవి. ఇవాళ బండి తోలేవాడు ఆరడుగులవాడు కావచ్చు, వెనక పడుకునేది కుక్క కావచ్చు, బల్ల మీద ఉండేది లాప్‌టాప్ కావచ్చు. వంట ఒకరికే కావచ్చు. అప్పటి పరిమాణాలకు తన నడుము వంచుకోవడంలో నాకు పుణ్యమేమీ కనబడదు. కట్టినవాడు తన కాలపు అవసరాన్ని చూసి కట్టాడు; వాడి పద్ధతిని గౌరవించడమంటే ఇవాళ్టి అవసరాన్ని చూసి కట్టడమే. ఈ స్వేచ్ఛకూ గట్లున్నాయి, వాటిని కట్టింది కూడా రేకే. యాభై హార్స్‌పవర్ ఇంజను మీద బరువైన ఎండీఎఫ్ బీరువాలు మోపితే ఘాట్ రోడ్డు మీద బండి రొప్పుతుంది, దిగేటప్పుడు బ్రేకులు కాగుతాయి. తేలికైన ప్లైవుడ్డే ఇక్కడ మర్యాద. గోడల మధ్య గ్లాస్ వూల్ కుక్కితే రాత్రంతా మనుషులు వదిలిన ఊపిరి తడిని అది పట్టుకుని రేకును లోపలి నుంచి తినిపిస్తుంది. గ్యాసు సిలిండరు పెట్టిన అరకు అడుగున బయటికి తెరుచుకున్న రంధ్రం ఉండి తీరాలి, వంటగ్యాసు గాలి కన్నా బరువు కాబట్టి. మంచంగా మారే సీటుకు బెల్టు పెట్టి, ఆ బెల్టు బోల్టును ప్లైవుడ్డు పెట్టెకు బిగించడం అన్నిటికన్నా ఘోరం. గుద్దుకున్న క్షణంలో మనిషి బరువంతా ఆ బోల్టు మీద పడుతుంది. మనిషి ప్రాణం వేలాడే చోట ఏ చెక్కా చెక్క కాదు. దాన్ని కూడా రేకు లెక్కలోకే వెయ్యాలి.

దీనికి మొదటి తెగవాళ్ల జవాబు గట్టిదే. ‘నువ్వన్నట్టు అందరూ స్వేచ్ఛగా మార్చుకుంటే రేపు 1951 నాటి పెట్టె ఎలా ఉండేదో చూడటానికి ఒక్కటీ మిగలదు. పొయ్యి కింది కాలిన మరక కూడా సాక్ష్యమే’ అంటారు. ఒప్పుకుంటాను. ఎవరూ చెయ్యి పెట్టకుండా, లోపలి సామానంతటితో ఇప్పటికీ మిగిలిన అరుదైన బండి దొరికితే దాన్ని కొనకూడదు, కొన్నా కదిలించకూడదు, మ్యూజియానికి వదిలెయ్యాలి. కానీ ఇళ్ల షెడ్లలోకి వచ్చే బళ్లు అలాంటివి కావు. వాటిలో పాత సామాను ముగ్గురు నలుగురు యజమానుల కిందట పోయింది. లేని సాక్ష్యాన్ని కాపాడటమంటే కొత్తగా తయారు చెయ్యడమే, అది చరిత్ర కాదు, నాటకం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యురిన్ చార్టర్ కూడా మార్పును పూర్తిగా నిషేధించలేదు. చేసిన మార్పు వెనక్కు తీసుకోగలిగేలా ఉండాలనీ, తీసేసిన ముఖ్యభాగాలను బండితోపాటే దాచాలనీ చెబుతుంది. వెస్ట్‌ఫాలియా తొలి పెట్టె ఊడదీయడానికి వీలుగా ఉండేదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. రేకుకు కొత్త రంధ్రం పెట్టకుండా, పాత బోల్టుల చోటే వాడుకుంటూ బిగించిన కొత్త బీరువా ఆ పెట్టె వారసురాలే. పైకప్పు కోసి అద్దం పెట్టడం అలా కాదు. అందుకే నేనిచ్చే స్వేచ్ఛ కొయ్య దగ్గరే ఆగుతుంది.

‘అసలు’ మీద ఇంత భక్తి ఎక్కడి నుంచి వచ్చిందంటే, చాలావరకు వేలంపాటల నుంచి. 2017లో అమెరికాలోని ఒక వేలంలో 1965 నాటి బహుకిటికీల వ్యాన్ మూడు లక్షల డాలర్లు దాటింది. పైకప్పు అంచుల్లో కూడా చిన్న కిటికీలుండే ఆ రకాన్ని ‘సాంబా’ అంటారు. ధర పెరిగిన కొద్దీ ఏమైందో ఊహించడం కష్టం కాదు. మామూలు వ్యాన్ల పైకప్పులు కోసి కిటికీలు పెట్టి, సాంబాలని చూపించేవాళ్లు పుట్టుకొచ్చారు. అసలు మీద మోజు నకలును పుట్టించింది. నిజాయతీగా తన బండికి తన చెక్కతో తన బీరువా చేసుకున్నవాడు ఈ లెక్కలో చరిత్రద్రోహి. దొంగ కిటికీలవాడు భక్తుడు.

ఇంకో అభ్యంతరం రెండో తెగ వైపు నుంచి కాక, ఇంగితమున్న మెకానిక్కుల వైపు నుంచి వస్తుంది. ఇంత ప్రమాదకరమైన పనిని ఇంట్లో చెయ్యమని ఎలా చెబుతావు, చెక్కలు కొట్టుకోమని చెప్పి రేకు మాకు వదిలెయ్ అంటారు. సగం నిజం. బరువు మోసే దూలాల మీద వెల్డింగు నేర్చుకోవడం ఎవరూ మొదలుపెట్టకూడదు. ముందు పనికిరాని ముక్కల మీద చెయ్యి తిరగాలి, అప్పటికీ సందేహముంటే చేతిలో పని ఉన్నవాణ్ణి పిలవాలి. కానీ ఈ బండి గ్యారేజీ కోసం పుట్టలేదని చెప్పడానికి ఒక పుస్తకమే సాక్ష్యం. జాన్ మ్యూర్ అనే ఇంజనీరు 1969లో పామరులకు కూడా అర్థమయ్యేలా ఫోక్స్‌వ్యాగన్ మరమ్మతు పుస్తకం రాశాడు, పీటర్ ఆశ్వాండెన్ దానికి బొమ్మలు వేశాడు. వాల్వు సందు సరిచూడటం దగ్గర్నుంచి ఇంజను దించడం దాకా రోడ్డు పక్కన మామూలు మనిషి చెయ్యగలడని అది నమ్మించింది. చల్లటి ఇంజను మీద అంగుళంలో వెయ్యింట ఆరు వంతుల సందు, మూడు వేల మైళ్లకోసారి ఆయిలు మార్పు: ఈ లెక్కలు తెలిసిన యజమాని తన బండి గొట్టం ఎప్పుడు బీటలు వారిందో గ్యారేజీవాడి కన్నా ముందు పసిగడతాడు. నేనడిగే నిష్ఠ అన్నీ సొంతంగా చెయ్యడం కాదు, అన్నీ సొంతంగా చూడటం. పని ఎవరు చేసినా, రంగు కొట్టకముందు ఆ అతుకును యజమాని తన కళ్లతో చూసి ఉండాలి.

అన్నీ మార్చేశాక అది పాత బండేనా అనే తత్వవిచారం ఒకటి ఉంది. బ్రెజిల్‌లో ఈ వంశపు కోంబి 2013 చివరిదాకా తయారైంది. ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు తప్పనిసరి అని అక్కడి చట్టం చెప్పడంతో ఆగింది కానీ లేకపోతే ఇంకా సాగేదే. కొత్త గడపలు, కొత్త నేల రేకులు ఇవాళ బజారులో దొరుకుతాయి. ముక్కముక్కా మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది నంబరు పలకే అని వెక్కిరిస్తారు. నాకీ ప్రశ్న పెద్ద చిక్కుగా అనిపించదు. మార్పు మెల్లగా, ఉన్న దానికి కొత్తదాన్ని అతుకుతూ జరిగినంత కాలం, ప్రతి కొత్త ముక్కా పాత దాని కొలతనే అనుసరించినంత కాలం అది ఆ బండే. ఆ కొలత తప్పిన రోజున, పాత రేకు సగం ఇంకా ఉన్నా సరే, అది వేరే బండి.

విద్యుత్ మోటారు ఈ వాదనకు నిజమైన పరీక్ష. 2020లో ఫోక్స్‌వ్యాగనే 1966 నాటి తన వ్యాన్ ఒకదానికి 44 హార్స్‌పవర్ ఇంజను తీసి 83 హార్స్‌పవర్ మోటారు, 45 కిలోవాట్ అవర్ బ్యాటరీ పెట్టి ‘ఈ-బుల్లి’ అని చూపించింది. ఒక చార్జితో రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు నడుస్తుందని చెప్పింది. కన్నవాళ్లే గుండె మార్చారు కాబట్టి మనమూ మార్చుకోవచ్చనుకోవడం తేలిక. పైగా పెట్రోలు గొట్టం, మెగ్నీషియం మంట, మూడో సిలిండరు ఆయాసం అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. అయినా నేను వెనకాడుతున్నాను. బలం రెట్టింపు కావొస్తుంది, బ్యాటరీ బరువు కొత్త చోట పడుతుంది, పాత దూలాలు ఆ బరువు కోసం వంచినవి కావు. ఈ మార్పు చెయ్యదలచుకున్నవాడు రేకు మీద పెట్టే శ్రద్ధ ఇంకా పెంచాలి, బ్రేకులు మార్చాలి, లెక్క తెలిసిన ఇంజనీరు సంతకం తీసుకోవాలి. అవన్నీ చేస్తే నాకు అభ్యంతరం లేదు. చప్పుడు పోయిందని ఏడ్చేవాళ్లతో నేను గొంతు కలపను.

చివరికి చట్టాలు. జర్మనీలో ముప్పై ఏళ్లు దాటిన బండికి చారిత్రక వాహనంగా ‘హెచ్’ అక్షరమున్న నంబరు ఇస్తారు. బండి మంచి స్థితిలో ఉండాలి. ఆ కాలంలో వాడుకలో ఉన్న మార్పులైతే వాటినీ చరిత్రగానే ఒప్పుకుంటారు. సాంకేతిక తనిఖీ మాత్రం తప్పదు. నాకు నచ్చిన చట్టం ఇది. బ్రిటన్‌లో 2018 మే నుంచి నలభై ఏళ్లు దాటిన బండికి పెద్ద మార్పులేమీ జరగకపోతే ఏటేటా జరిగే తనిఖీ అక్కర్లేదు. బండి రోడ్డుకు తగినట్టుంచే బాధ్యత యజమానిదే. స్వచ్ఛందంగా తనిఖీ చేయించుకునే బాధ్యతగలవాళ్లు అక్కడ ఉన్నారు, సరే. కానీ మారని బండి భద్రమైన బండి అని చట్టం నమ్మడం వింతగా ఉంది. తుప్పు పెరిగేది మారనిచోటే కదా. ఇక మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న వాహనమే వింటేజ్. దాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డు మీదికి తేకూడదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం వారి 1912 రోల్స్ రాయిస్‌కు ఈ నిబంధన అచ్చంగా సరిపోతుంది. అది ఊరేగింపు కోసం చేయించింది, తిరిగిందీ చాలా తక్కువ. క్యాంపర్ వ్యాన్‌కు మాత్రం ఇది బొత్తిగా నప్పదు. నాలుగు ఊళ్లు తిరగడానికి, రాత్రికి ఎక్కడో ఆగి పొయ్యి వెలిగించుకోవడానికి వీల్లేని క్యాంపర్ వ్యాన్‌కు ప్రత్యేక నంబరిచ్చి ఏం లాభం? ఆ నిబంధనను ఎప్పుడైనా సవరిస్తే, నడవడానికి అనుమతి ఇచ్చి, ఆ అనుమతి పత్రంలో ఇన్‌స్పెక్టరు నింపాల్సిన గడులు బండి కింద పడుకుని టార్చి వేస్తే కనపడేవిగా ఉండాలి. కర్టెన్ల రంగుకు గడి అక్కర్లేదు.